కనబడనిది ముందు, కనబడేది తర్వాత

చిరంజీవి మేనకోడలికి,

మామయ్య ఆశీస్సులు. పశువుల డాక్టరమ్మా, నీ మెసేజ్ రాత్రి చూశాను. నాలుగేళ్ల మార్వాడీ గుర్రం, కుడి వృషణం సంచిలో ఉంది, ఎడమది లేదు. "కనబడేది తీసేయండి మేడమ్, చాలు" అంటున్నాడు యజమాని. ఫోన్లో చెబితే సగం గాలికి పోతుందని కూర్చుని రాస్తున్నా.

తల్లీ, ఆ కనబడేదాన్ని మాత్రం ముందు ముట్టుకోకు. ఎందుకంటావా? చాలా ఏళ్ల కిందట హైదరాబాద్‌లో ఒక పెళ్లి బరాత్ గుర్రాన్ని నా దగ్గరికి తెచ్చారు. సంతలో విత్తు కొట్టించిన గుర్రమని చెప్పి అంటగట్టారట. సంచి ఖాళీ, చర్మం మీద పాత మచ్చ ఒకటి. అయినా బ్యాండు మేళం మధ్యలో ఆడగుర్రం కంటపడితే చాలు, పెళ్లికొడుకు వీపు మీదున్నాడని కూడా చూడకుండా ముంగాళ్లు లేపేది. ఎవరో మహానుభావుడు చేతికందింది కోసి పని అయిపోయిందనిపించుకున్నాడు. లోపలిది లోపలే ఉంది. కడుపు వేడికి దానిలో వీర్యకణాలు తయారుకావు గానీ, టెస్టోస్టిరాన్ మాత్రం దర్జాగా తయారవుతూనే ఉంటుంది. ఏ పక్కది తీశారో చెప్పే కాగితం ముక్క లేదు. నేను రెండు పక్కలా వెతకాల్సి వచ్చింది.

అందుకే లోపలిది దొరికి చేతికొచ్చాకే బయటిది తియ్యి. దొరక్కపోతే బయటిదాన్ని అలాగే ఉంచి పెద్ద ఆసుపత్రికి పంపు. తర్వాత చూసే డాక్టరుకు అదే ఆనవాలు.

"ఇంకొన్నాళ్లు ఆగితే దిగుతుందేమో" అని యజమాని అడుగుతాడు. గుర్రప్పిల్లకు వృషణాలు తల్లి కడుపులో ఆఖరి నెలలో మొదలై, పుట్టాక రెండు వారాల్లోపు దిగిపోవాలి. ఆ తర్వాత కడుపులోంచి గజ్జలోకి దిగే దారికి లోపలి ద్వారం బిగుసుకుంటుంది. గజ్జలో ఆగినది రెండు మూడేళ్ల దాకా దిగిన సందర్భాలున్నాయి గానీ కడుపులో ఉండిపోయినది ఇక రాదు. నీ గుర్రానికి నాలుగేళ్లు, ఆశ వదిలెయ్యమను. హార్మోన్ సూదులేస్తే దిగుతుందని ఎవరైనా చెబితే నమ్మొద్దను. ఇంకో మాట. ఒక్క వృషణం దిగినా గుర్రం చూలు కట్టించగలదు. ఈ లోపం వంశంలో నడుస్తుందంటారు. కాబట్టి "ముందు రెండు పిల్లల్ని తీసుకుంటా" అంటే ఒప్పుకోకు.

రక్తపరీక్ష గురించి అడిగావు. నీ గుర్రానికి అది దండగ. బయటున్న వృషణమే హార్మోన్ ఇస్తుంటే రిపోర్టులో ఏం తేలుతుంది? సంచి ఖాళీగా ఉండి, కోశారో లేదో తెలియని గుర్రానికే ఆ పరీక్ష. హెచ్‌సీజీ అని మీరు ఆవుల్లో అండాశయం తిత్తులకు వాడే హార్మోన్ సూదే, లోపల వృషణం ఉంటే దాన్ని రెచ్చగొట్టి టెస్టోస్టిరాన్ పెంచుతుంది. ముందొక శాంపిల్ తీసి, 10,000 యూనిట్లు సిరలోకి ఇచ్చి, రెండు గంటలకు మళ్లీ తీస్తాం. టెస్టోస్టిరాన్ మిల్లీలీటరుకు 50 పికోగ్రాముల లోపే ఉంటే లోపల ఏమీ లేనట్టు, 100 దాటితే ఉన్నట్టు. మధ్యలో ఉంటే ఇంకో పరీక్ష చేయించాలి. ఇప్పుడు వృషణంలోనే తయారయ్యే ఏఎంహెచ్ అనే హార్మోన్ పరీక్ష వచ్చాక ఒక్క శాంపిల్‌తోనే సరిపోతోంది. ఈస్ట్రోన్ సల్ఫేట్ అనే ఇంకో హార్మోన్ పరీక్ష మూడేళ్లు దాటిన గుర్రాలకు బాగానే చెబుతుంది, గాడిదల్లో మాత్రం దాన్ని నమ్మడానికి లేదు.

నీకు కావాల్సింది ఒక్కటే, ఎడమది ఎక్కడుందో. జైలజిన్ మత్తు సూది ఇచ్చి గుర్రం తల వాల్చాక గజ్జలో వేళ్లతో నిదానంగా తడుము. మత్తులో కండరం వదులై, అంతవరకు పైకి లాక్కున్న వృషణం ఒక్కోసారి వేలికి తగులుతుంది. ఎసిప్రోమజిన్ అనే ఇంకో మత్తుమందు జోలికి పోకు, మగగుర్రంలో అంగం బయటే వేలాడిపోయే ప్రమాదం ఉంది. తర్వాత అల్ట్రాసౌండ్, గజ్జ నుంచి, పొట్ట మీద నుంచి. ఎడమది కాబట్టి కడుపులోనే ఉండొచ్చని నా అనుమానం. కడుపులో మిగిలేది ఎక్కువగా ఆ పక్కదే.

ఇక ఆపరేషన్. కోడెకు బర్డిజో పటకారుతో విత్తు నొక్కినట్టు చెట్టుకింద అయ్యే పని కాదిది. పూర్తి మత్తు, వెల్లకిలా పడుకోబెట్టడం, శుభ్రమైన థియేటర్ కావాలి. గజ్జ చర్మం కోశాక కత్తెర పక్కన పెట్టి వేళ్లతో విడదీసుకుంటూ వెళ్లు. అక్కడ బొటనవేలంత సిరలుంటాయి. గజ్జ దారి వెలుపలి ద్వారం దగ్గర సన్నటి తెల్లటి పోగులాంటి లిగమెంటు దొరుకుతుంది. దాన్ని మెల్లగా లాగితే జేబు తిరగేసినట్టు పొర బయటికొస్తుంది. తెరిస్తే ముందు కనబడేది ఎపిడిడిమిస్ తోక, అంటే వృషణానికి అంటుకుని ఉండే వీర్యనాళపు చుట్ట చివర. అక్కడే నేను ఒకసారి బోల్తా కొట్టాను. చిన్న వృషణమే అనుకుని కట్టేసి కోసేశాను. ట్రేలో పెట్టి బ్లేడుతో చీరితే లోపల మెలికలు తిరిగిన గొట్టాలు! వృషణమైతే కోసిన చోట గోధుమరంగు కండ ఉబికి పైకొస్తుంది. ఆ రోజు గుర్రం లేవకముందే చీరి చూడబట్టి బతికిపోయాను. నువ్వూ తీసిన ప్రతిదాన్నీ అక్కడికక్కడే చీరి చూడు, యజమానికి కూడా చూపించు.

ఆ పోగు దొరక్కపోతే కంగారుపడకు. ద్వారానికి లోపలి పక్కగా రెండు సెంటీమీటర్ల లోపు దూరంలో కండరపు పొరను నాలుగు సెంటీమీటర్లు కోసి రెండు వేళ్లు పంపు. కడుపులో పెరిగిన వృషణం చిన్నగా, మెత్తగా ఉంటుంది. ఆ సందులోంచే జారి వచ్చేస్తుంది. చెయ్యంతా దూర్చావంటే పేగులకు దారి ఇచ్చినట్టే. లాపరోస్కోపీ ఉన్న చోటికి పంపగలిగితే అన్నిటికన్నా అదే నయం. గుర్రాన్ని నిలబెట్టే, డొక్కలోంచి కెమెరాతో చూసి తీసేస్తారు.

తర్వాతి జాగ్రత్తలు నీకు తెలిసినవే. ధనుర్వాతం సూది మాత్రం మర్చిపోకు, గుర్రమంత తేలిగ్గా ధనుర్వాతానికి బలయ్యే పశువు మరోటి లేదు. ఒక రోజు కొట్టంలోనే ఉంచి, మర్నాటి నుంచి పట్టుకుని నడిపించమను. చుక్కలు లెక్కపెట్టగలిగినంత నెమ్మదిగా రక్తం కారితే పర్వాలేదు, ధార కడితే నువ్వే వెళ్లాలి. గాయంలోంచి ఏదైనా వేలాడితే లాగొద్దని, తడి గుడ్డతో కప్పి ఫోన్ చేయమని గుర్రాన్ని చూసుకునే కుర్రాడికి ముందే చెప్పి ఉంచు.

యజమానికి ఇదీ చెప్పు: రెండూ తీసినా మగగుర్రం అలవాట్లు కొన్ని వారాలు, నెలలు కూడా పోకపోవచ్చు, కొన్నిట్లో అసలే పోవు. చెప్పకపోతే "డాక్టరమ్మ సగమే తీసింది" అని ఊరంతా చాటుతాడు. నేను పడ్డాను ఆ మాట.

అల్ట్రాసౌండ్ అయ్యాక ఫొటోలు పంపు. నీకు ఇదే మొదటిది కాబట్టి ఆదివారం పెట్టుకో, నేనూ వచ్చి నిలబడతా. కత్తి మాత్రం నువ్వే పట్టాలి.

మామయ్య