గాలి మారితే ఏమయిందో రాయండి

ప్రియమైన మిత్రునికి,

నమస్కారం. మానవరహిత యుద్ధ విమానాల తొలి రోజుల మీద మీరు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. భాష బాగుంది. కానీ కెటరింగ్ బగ్ గురించి ‘ఆ విమానం తనంతట తానే లక్ష్యాన్ని వెతుక్కుని శత్రువు మీద విరుచుకుపడేది’ అని మీరు రాసిన చోట నాకు కోపం వచ్చింది.

అది దేన్నీ వెతుక్కోలేదు. 1918లో ఒహాయో రాష్ట్రంలోని డేటన్‌లో చార్లెస్ కెటరింగ్ బృందం తయారుచేసిన ఆ చిన్న విమానానికి రేడియో కూడా లేదు. లక్ష్యం ఎంత దూరమో, గాలి ఎటు నుంచి ఎంత వేగంతో వీస్తోందో ముందే చూసుకుని, అక్కడికి చేరేలోపు ఇంజను ఎన్ని చుట్లు తిరగాలో మనుషులే లెక్క కట్టేవారు. అది పట్టాల మీది బండి నుంచి పైకి లేచాక దిశను జైరోస్కోపు, ఎత్తును గాలి పీడనం కొలిచే పరికరం చూసుకునేవి. చుట్ల లెక్క పూర్తి కాగానే ఇంజను ఆగిపోయి, రెక్కలను పట్టి ఉంచిన బోల్టులు వెనక్కి జరిగి, రెక్కలు ఊడిపోయి, సుమారు 80 కిలోల పేలుడు పదార్థంతో మొండెం నేల మీద పడేది. ఇంతటి అమరికను మీరు ఒక్క ముక్కలో తేల్చేశారు.

నా తొలి రోజుల్లో ఇదే విషయం మీద ఒక వారపత్రికకు వ్యాసం ఇస్తే, సంపాదకుడు చుట్ల లెక్క వివరించిన పేరా మొత్తం కొట్టేసి, ‘ప్రపంచంలోనే మొట్టమొదటి’ అన్న మాటను శీర్షికలోకి ఎక్కించాడు. పాఠకులకు అంత వివరం బరువట! ఆ పేరాను ప్రెస్సులో అక్షరాలు కూర్చే పెద్దాయనకు చదివి వినిపిస్తే, ఆయన చేతిలో పని ఆపి, ‘బయలుదేరాక గాలి మారితే ఏమవుతుంది బాబూ?’ అని అడిగాడు. ఈ చరిత్రకంతటికీ ఆ ప్రశ్నే వెన్నెముక అని నా నమ్మకం. సంపాదకులకు ‘మొట్టమొదటి’ మీద మోజు ఇప్పటికీ తగ్గలేదు. మీరూ దానికి లొంగి మూడు పేజీలు ఖర్చు చేశారు.

1849లో ఆస్ట్రియా సైన్యం వెనిస్ మీదికి వదిలిన బాంబు బెలూన్లలో కొన్ని గాలి మళ్లడంతో తమ సేనల వైపే తిరిగి వచ్చాయి. కెటరింగ్ మనుషులు గాలిని ముందుగా లెక్కలోకి తీసుకున్నారు గానీ, విమానం చేజారాక దాన్ని సరిదిద్దే దారి వారికీ లేదు. పరీక్షల్లో ఎక్కువ భాగం విఫలమయ్యాయి. 1918 అక్టోబరు 2న అది తొలిసారి ఎగిరింది, నవంబరు 11న మొదటి ప్రపంచ యుద్ధం ఆగింది. అది ఏ శత్రువు మీదా పడలేదు. ఈ వైఫల్యాన్ని మీరెందుకు దాచారు? బ్రిటన్‌లో ఆర్చిబాల్డ్ లో (Low) అనే ఇంజనీరు 1917లోనే రేడియోతో నడపబోయాడు, విమానం కాసేపటికే కూలింది. 1935 నాటి క్వీన్ బీతో సంగతి మారింది. విమాన విధ్వంసక తుపాకుల వారి సాధనకు లక్ష్యంగా ఎగిరే ఆ విమానానికి, నేల మీది మనిషి టెలిఫోన్ డయల్ లాంటిది తిప్పుతూ దారి మధ్యలో ఆజ్ఞలు పంపగలిగాడు.

పుస్తకంగా వేయడం సంగతి తరవాత చూద్దాం. ముందు క్వీన్ బీని చివర్లో అతికించినట్టు వదిలేయకుండా, వెనిస్ నుంచి ఆ డయల్ దాకా గాలి ప్రశ్న వెంటే నడిచి వ్యాసాన్ని తిరగరాయండి. కెటరింగ్ బాల్యం మీద రాసిన పేజీ తీసేసి, ఆ చోటును ఊడిపోయే రెక్కలకు ఇవ్వండి. రాసింది నాకే పంపండి.

ఇట్లు,
మీ శ్రేయోభిలాషి