తుపాన్ల మీద పరిశోధన చేస్తానన్న అమ్మాయికి

చి. సౌమ్యకు బాబాయి ఆశీస్సులు.

బీఎస్సీ అయ్యాక తుపాన్లు, వడగాడ్పుల మీద పరిశోధన చేస్తానన్నావట. మీ నాన్న చెప్పగానే చాలా సంతోషమేసింది. చదువుకి విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ ఉంది, పరిశోధనకి పుణెలో ఐఐటీఎం (ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ), తిరుపతి దగ్గర గాదంకిలో ఎన్ఏఆర్ఎల్ (జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల) ఉన్నాయి. సీటు గురించి టెన్షన్ వద్దు. లెక్కలు, పైథాన్ ప్రోగ్రామింగ్ ఎలాగూ నేర్చుకుంటావు. నేను చెప్పేది ఒక్కటే: ఏ అంకెనైనా నమ్మే ముందు అది ఎలా వచ్చిందో కనుక్కో.

మన వాతావరణ శాఖ రోజువారీ వాన లెక్క ఉదయం 8.30కి కడుతుంది. నిన్నటి 8.30 నుంచి కురిసిందంతా ఈరోజు తేదీ కింద పడుతుంది. నిన్న మధ్యాహ్నం ముంచెత్తిన వానా ఈరోజు లెక్కే. ఇది తెలియక, అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రికి తీసిన ఉపగ్రహ డేటాతో పోల్చావనుకో, లేని తేడా కనిపిస్తుంది. గ్రిడ్ డేటాతో, అంటే మ్యాపును గళ్లుగా విడగొట్టి గడికో అంకె ఇచ్చే డేటాతో, ఇంకో చిక్కు. చుట్టుపక్కల స్టేషన్లన్నీ కలిపి లెక్కగట్టేసరికి, ఒక్క మండలాన్ని ముంచిన కుండపోత పలచబడిపోతుంది. నీకు కావలసింది ఆ కుండపోతే కదా!

విపత్తు ముదిరిన గంటలోనే పరికరాలు పాడవుతాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు, వానమేఘాల్ని, గాలి వేగాన్ని పసిగట్టే అక్కడి డాప్లర్ రాడారే దెబ్బతింది. రికార్డులో ఖాళీ ఉంటే సగటుతో పూడ్చేయకు. అన్నిటికన్నా పెద్ద గాలి అప్పుడే వీచి ఉండొచ్చు.

ఎందుకింత పట్టింపు అంటావా? 1999 ఒడిశా తుపానులో దాదాపు 10 వేల మంది పోయారు. 2013లో అక్కడికే ఫైలిన్ తుపాను వచ్చినప్పుడు ముందే లక్షల మందిని తరలించారు, మరణాలు పదుల్లోనే ఆగాయి. అంచనా మీద నమ్మకం లేకపోతే ఏ కలెక్టరూ అన్ని ఊళ్లు ఖాళీ చేయించడు.

ప్రతి తుపానుకీ "ఇది క్లైమేట్ చేంజ్ వల్లేనా?" అని అడుగుతారు. తొందరపడి ఒక్క ముక్కలో తేల్చేయకు. ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే గాలి సుమారు 7 శాతం ఎక్కువ తేమను పట్టగలదు. భారీ వానలు ఇంకా భారీ అవుతాయని గట్టిగానే చెప్పు. ఫలానా తుపాను సంగతి మాత్రం విడిగా లెక్క కట్టాకే చెప్పాలి. యూరప్‌లో 2003 నాటి వడగాడ్పుల మీద 2004లో ఒక పరిశోధన పత్రం వచ్చింది. మనుషుల వల్ల అలాంటి వేసవి ముప్పు కనీసం రెట్టింపయ్యే ఉంటుందని తేల్చినా, అందులో అనిశ్చితి ఎంతో కూడా చెప్పారు. అది తెప్పించుకుని చదివి ఫోన్ చెయ్యి. ఆ లెక్క ఎలా కట్టారో ఇద్దరం కూర్చుని చూద్దాం.

మీ బాబాయి