కందెన రాసే చేతులు: ఒక యువ రచయిత్రికి లేఖ

చిరంజీవికి ఆశీస్సులు.

అమెరికాలోని వయోమింగ్ రాష్ట్రంలో, 1856 నాటి వలస బృందం ఒకటి మంచులో తలదాచుకున్న మార్టిన్స్ కోవ్ అనే కొండ మలుపులో సేవ చేస్తున్న వృద్ధ దంపతుల గురించి నువ్వు రాసి పంపిన వ్యాసాన్ని రెండుసార్లు చదివాను. విషయం నాకు ఎంతో నచ్చింది, అందువల్లనే కొంచెం కఠినంగా చెప్పవలసి వస్తోంది.

నీ వ్యాసంలో ఆ దంపతులు నాలుగో పుటలో గాని కనిపించరు. మొదటి మూడు పుటలనూ 1856 నాటి మంచు, ఆకలి, మరణాలు ఆక్రమించాయి. ఆ కథ గొప్పదే. జనం మార్మన్లని పిలిచే మత సంఘంలో చేరి, ఇంగ్లండు నుంచీ స్కాట్లండు నుంచీ డెన్మార్కు నుంచీ ఓడలెక్కి వచ్చిన పేదలు, ఎడ్లను కొనే స్తోమత లేక, సామాను బండ్లను తామే లాగుకుంటూ ఐయోవా సిటీ నుంచి, ఆ సంఘం స్థిరపడిన యూటాలోని సాల్ట్ లేక్ లోయ వరకు సుమారు 2,100 కిలోమీటర్లు నడవడానికి బయలుదేరారు. ఆలస్యంగా కదిలిన విల్లీ, మార్టిన్ బృందాలు దారిలో మంచులో చిక్కుకొని, రెండింటిలో కలిపి 200 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. ఇదంతా పాఠకుడికి తెలియాలి. అయితే నువ్వు రాయబూనినది చరిత్ర పాఠం కాదు; డెబ్బై ఏళ్ల వయసులో ఇల్లు విడిచి, మనవళ్లను విడిచి, ఆ గాలి వీచే మైదానానికి వచ్చి ఉంటున్న ఇద్దరు మనుషుల గురించి. వాళ్ల తెల్లవారుజాముతో మొదలుపెట్టు.

ఒక మాట విషయంలో మరింత జాగ్రత్త కావాలి. "మిషనరీ" అనగానే తెలుగు పాఠకుడికి 1842లో గుంటూరులో దిగిన హేయర్, ఒంగోలులో పనిచేసిన క్లౌ, గుంటూరులో ఆసుపత్రి నెలకొల్పిన డాక్టర్ అన్నా కుగ్లర్ గుర్తుకొస్తారు. అంటే యౌవనంలోనో నడివయసులోనో సముద్రం దాటి వచ్చి, బడులూ వైద్యశాలలూ కట్టి, బోధ చేసినవాళ్లు. నీ దంపతులు అలాంటివారు కారు. ఉద్యోగాలు ముగించుకున్నాక, సేవకు సిద్ధమని తామే సంఘానికి తెలియజేసి, పిలుపు లేఖ అందుకొని, జీతం లేకుండా, ఖర్చులు తామే భరిస్తూ, కొన్ని నెలలో రెండేళ్లకు దగ్గరగానో ఒక చారిత్రక స్థలాన్ని కనిపెట్టుకొని ఉండటానికి వచ్చారు. ఈ తేడాను రెండు వాక్యాల్లో చెప్పకపోతే పాఠకుడు చివరిదాకా వేరే మనుషులను ఊహించుకుంటూ ఉంటాడు. అలాగే, ఆయనను "ఎల్డర్" అని పిలుస్తారని రాసి, దాన్ని "సంఘ పెద్ద" అని తెలుగు చేశావు. మన చర్చిల్లో సంఘ పెద్ద అంటే పదవి, పలుకుబడి. అక్కడ పద్దెనిమిదేళ్ల మిషనరీ కుర్రవాడిని కూడా ఎల్డర్ అనే పిలుస్తారు. ఆ మాటను ఉన్నదున్నట్టు వాడు.

బండి మాట కూడా ఇలాంటిదే. "తోపుడుబండి" అని రాశావు. నా కళ్ల ముందు కూరగాయల బండి నిలబడింది. ఆ బండిని ముందు అడ్డకర్ర లోపల నిలబడి లాగేవారు, వెనుక నుంచి పిల్లలూ ఆడవాళ్లూ నెట్టేవారు. "చేతిబండి" అని, ఎలా నడిచేదో ఒక్కసారి వర్ణిస్తే చాలు. అంకెలు కూడా అన్నీ పెట్టవద్దు, పాఠకుడి చేతికి బరువు తెలిసే అంకెను ఎంచుకో. పెద్దవాళ్లకు తలా 17 పౌన్ల సొంత సామానుకు మాత్రమే అనుమతి ఉండేది, అంటే 8 కిలోల లోపు. అమెరికాలో పిల్లల దగ్గరకు పచ్చళ్లూ పొడులూ సర్దుకొని బయలుదేరే మన తల్లిదండ్రులకు ఆ ఒక్క అంకె అన్నీ చెబుతుంది.

ఇక నన్ను బాధపెట్టిన విషయం. ఆ మరణాలకు కారణం మంచు మాత్రమే అన్నట్టు రాశావు. అది నిజానికి సగమే. వలసవాళ్లు ఐయోవా సిటీ చేరేసరికి బండ్లు సిద్ధంగా లేవు; పచ్చి కలపతో హడావుడిగా చేసిన బండ్లు దారిలో విరిగాయి; ఆగస్టులో, దారిలో నెబ్రాస్కాలోని ఫ్లోరెన్స్ వద్ద లీవై సావేజ్ అనే అనుభవజ్ఞుడు, ఇక్కడే చలికాలం గడుపుదాం, ముందుకు పోతే బలహీనులు చనిపోతారు అని హెచ్చరించాడు. నాయకులు వినలేదు. అప్పుడతడు వెనక్కి తిరిగిపోలేదు. వాళ్లతోనే నడిచాడు, వాళ్లతోనే కష్టపడ్డాడు. అక్టోబరు 19న మంచు పడింది. సాల్ట్ లేక్ నుంచి సహాయ బృందాలు అంతకు ముందే బయలుదేరకపోతే ఎంతమంది మిగిలేవారో! సందర్శకులకు ఈ కథ చెప్పేటప్పుడు నీ దంపతులు సావేజ్ పేరు ఎత్తుతారా? ఎత్తితే వాళ్ల గొంతు ఎలా మారుతుంది? తమ సంఘం చేసిన పొరపాటును, తాము ప్రేమించే సంఘం పక్షాన నిలబడి, అపరిచితులకు రోజూ చెప్పవలసి రావడం చిన్న విషయం కాదు. మళ్లీ వెళ్లి అడుగు, గౌరవంగా, వాళ్లు నొచ్చుకోకుండా అడుగు.

స్థలం గురించి ఒకటి రెండు వాక్యాలు చాలు. 1996లో సంఘం అక్కడి సన్ కుటుంబపు పశువుల క్షేత్రాన్ని కొన్నదనీ, అసలు కోవ్ మాత్రం ప్రభుత్వ భూమి అనీ, దాన్ని సంఘానికి లీజుకివ్వడం మీద కోర్టులో వివాదం నడిచి 2006లో రాజీతో ముగిసిందనీ చెప్పు, అంతకుమించి లాగవద్దు.

నాలుగో పుట చివర, ఎవరూ గమనించనంత చిన్న వాక్యం ఒకటి రాశావు: ఆ ప్రయాణాన్ని తలచుకుంటూ వేసవిలో అలాంటి బండ్లు లాగడానికి వచ్చే కుర్రవాళ్ల కోసం ఆ పెద్దాయన తెల్లవారకముందే ప్రతి చక్రానికీ కందెన రాస్తాడని, ఆమె లాంతరు పట్టుకొని పక్కన నిలబడుతుందని. ఆ 1856 ప్రయాణంలో చెక్క ఇరుసులు దుమ్ముకు అరిగిపోతుంటే, వలసవాళ్లు తినవలసిన పందికొవ్వునూ ఒళ్లు కడుక్కోవలసిన సబ్బునూ ఇరుసులకు పూశారని నీకు తెలుసు, అది నీ రెండో పుటలోనే ఉంది. ఆ రెండు వాక్యాల మధ్య రెండు పుటల దూరం పెట్టావు. కందెనతో వ్యాసం మొదలుపెట్టి, ఆ వెంటనే పందికొవ్వు ముచ్చట చెప్పి, మధ్యలో నీ వ్యాఖ్య ఒక్క ముక్క కూడా లేకుండా చూడు.

తిరగరాసినప్పుడు ఆ కందెన డబ్బా ఎంత ఉంటుందో, ఎన్ని బండ్లకు సరిపోతుందో, మోకాళ్ల నొప్పితో ఆయన ఎలా కూర్చుంటాడో, ఎలా లేస్తాడో, లేచేటప్పుడు ఆమె లాంతరును ఏ చేతిలోకి మార్చుకుంటుందో రాయి. వాళ్లు ఇంటికి తిరిగి వెళ్లే లోపు ఇంకొక్కసారి వెళ్లగలిగితే వెళ్లు. కొత్త ప్రతి కోసం ఎదురుచూస్తూ ఉంటాను.

శుభాకాంక్షలతో,
నీ శ్రేయోభిలాషి