మెరుగు పెట్టకండి, వివరం రాయండి

సైనిక చరిత్ర మ్యూజియాల్లో స్వచ్ఛందంగా పనిచేస్తున్న మాజీ సైనికులు, వారి ఇళ్లవాళ్లు, మ్యూజియం బాధ్యులు పంపిన ప్రశ్నల్లో కొన్నిటికి ఈసారి జవాబులు.

ప్రశ్న: వారానికి రెండు పూటలు మ్యూజియంలో పనిచేస్తున్నాను. పతకాల అర చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. వెండి పతకాలు నల్లబడ్డాయి, ఇత్తడి బొత్తాలు మసకబారాయి. సర్వీసులో ఉన్నన్నాళ్లూ రోజూ మెరుగు పెట్టినవాణ్ణి. పాలిష్ డబ్బా తెస్తానంటే క్యూరేటర్ ఒప్పుకోవడం లేదు. ఎందుకు?
(మాజీ సైనికుడు)

జవాబు: క్యూరేటర్ గారి మాటే సరైనది. యూనిట్‌లో బొత్తాం అరిగితే స్టోర్స్‌లో ఇంకొకటి ఇస్తారు. ఆ అరలో ఉన్న పతకానికి ఇంకొకటి లేదు. వెండి నల్లబడటమంటే దాని పైపొర గాలిలోని గంధకంతో కలిసి వెండి సల్ఫైడ్‌గా మారడం. ఆ నలుపులో ఉన్నది పతకం తాలూకు వెండే. రుద్దిన ప్రతిసారీ అది గుడ్డకు అంటుకుని పోతుంది. ముందుగా అరిగేవి ఎత్తుగా ఉండే చోట్లు: బొమ్మ ముక్కు, జుట్టు గీతలు, అక్షరాల అంచులు. చాలా పతకాలకు పక్క అంచు మీద గ్రహీత పేరూ నంబరూ చెక్కి ఉంటాయి. అవి అరిగిపోతే ఆ పతకం ఎవరిదో చెప్పే సాక్ష్యమే పోతుంది.

ఇత్తడితో ఇంకో చిక్కు. కొన్ని పాలిష్‌లలో అమ్మోనియా ఉంటుంది. తయారీలో వంచినప్పుడో, అచ్చు వేసినప్పుడో లోపల బిగువు మిగిలిపోయిన ఇత్తడిని అమ్మోనియా, తేమ కలిసి చీలుస్తాయి. 19వ శతాబ్దంలో భారతదేశంలోని బ్రిటిష్ సైన్యం తూటాలను వానాకాలంలో గుర్రపుశాలల్లో దాచితే, వాటి ఇత్తడి గొట్టాలు ఎవరూ తాకకుండానే పగిలాయి. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియాయే కారణమని 1921లో గాని తేలలేదు. పైగా పాలిష్ ముద్ద చెక్కడాల సందుల్లో మిగిలి తెల్లగా గట్టిపడుతుంది. రిబ్బన్‌కు అంటితే ఆ మరక వదలదు.

మీరు చేయదగిన పని ఇది. నైట్రైల్ గ్లౌజులు వేసుకోండి. వట్టి చేతుల చెమటలోని ఉప్పు లోహాన్ని తిని వేలిముద్రను శాశ్వతం చేస్తుంది. కాటన్ గ్లౌజులు జారతాయి, చెమటను పీల్చి లోహానికి అందిస్తాయి కూడా. బల్ల మీద పాలిథీన్ ఫోమ్ పరిచి, మెత్తని బ్రష్‌తో దుమ్ము మాత్రం దులపండి. రిబ్బన్ విప్పకండి, కొత్తది కుట్టకండి. కుట్టిన తీరు, దారం, ఏ పతకం పక్కన ఏది ఉందో, అన్నీ ఆధారాలే. అరలో ఫెల్ట్, ఉన్ని గుడ్డ, రబ్బరు బ్యాండ్లు ఉంటే తీసేయించండి. నలుపుకు కారణమైన గంధకం ఎక్కువసార్లు వాటినుంచే వస్తుంది. పీవీసీ కవర్లూ వద్దు, ఆమ్లం వదులుతాయి.

ఒక్క సంగతిలో మాత్రం ఆలస్యం చేయవద్దు. రాగి, కంచు వస్తువుల మీద గట్టిగా అంటుకుని ఉండే ముదురు కిలుము వల్ల తొందర లేదు. లేత ఆకుపచ్చ రంగులో, తాకితే రాలే పొడి చుక్కలు కనిపిస్తే అది క్లోరైడ్ లవణాల పని. తేమ అందినంతకాలం లోహాన్ని తింటూనే పోతుంది. ఆ వస్తువును తేమను పీల్చే సిలికా జెల్ గుళికలతో (బాగా ఎండినవి) మూత బిగుతుగా ఉన్న డబ్బాలో పెట్టి, లోపలి తేమ 40 శాతం దాటకుండా చూస్తూ కన్సర్వేటర్‌కు, అంటే పాత వస్తువులను కాపాడే నిపుణుడికి, కబురు పెట్టండి.

ప్రశ్న: ఒక కుటుంబం నాలుగు ఉన్ని యూనిఫాంలు ఇచ్చింది. ఒకదానికి చిల్లులున్నాయి. ఉతికి, కలరా ఉండలు వేసి బీరువాలో పెడదామంటున్నారు తోటివాళ్లు.
(మ్యూజియం స్వచ్ఛంద కార్యకర్త)

జవాబు: రెండూ వద్దు. ఉతికితే ఉన్ని కుంచించుకుపోతుంది, రంగు దిగుతుంది. మోచేతి దగ్గరి గ్రీజు, కాలర్ మీది చెమట, అంచున ఎండిన మట్టి కూడా ఆ దుస్తుల చరిత్రలో భాగమే. కలరా ఉండల ఆవిరి మనుషులకు మంచిది కాదు, కొన్నిరకాల ప్లాస్టిక్ బొత్తాలను మెత్తబరుస్తుంది, పురుగును తప్పక చంపుతుందన్న హామీ కూడా లేదు.

యూనిఫాం గుమ్మం దాటగానే, మిగతా వస్తువుల్లో కలవకముందే, ఒక్కోదాన్ని విడిగా పాలిథీన్ సంచిలో పెట్టండి. ఉన్నిని తినేది ఎగిరే చిమ్మట కాదు, దాని పిల్లపురుగు. కాలర్ అడుగున, జేబు మూలల్లో, కుట్ల వెంట చూడండి. సన్నటి సాలెగూడు లాంటి గొట్టాలు, ఉన్ని రంగులోనే ఉన్న ఇసుక రేణువుల్లాంటి రెట్ట కనిపిస్తే పురుగు ఉన్నట్టే.

మందు చలి. సంచిలోని గాలి మెల్లగా నొక్కేసి, మూతికి టేపు వేసి, మైనస్ 30 డిగ్రీల ఫ్రీజర్‌లో 3 రోజులు ఉంచాలి. ఇంట్లో వాడే మైనస్ 18 డిగ్రీల ఫ్రీజరే ఉంటే 2 వారాలు. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఫ్రీజర్‌ను కుక్కి నింపడం. అప్పుడు నడిమధ్య చలి చేరడానికి ఆలస్యమై పురుగు ఆ చలికి అలవాటు పడి బతుకుతుంది. రెండో పొరపాటు, బయటికి తీసిన వెంటనే సంచి విప్పడం. విప్పితే గాలిలోని తేమ చల్లటి ఉన్ని మీద నీరవుతుంది, బూజుకు దారి తీస్తుంది. 24 గంటలు అలాగే వదిలేస్తే ఆ నీరు సంచి బయటే పట్టి ఆరిపోతుంది. రంగు పూసిన చెక్క, గాజు, దంతం, మైనం ఉన్న వస్తువులను మాత్రం ఫ్రీజర్‌లో పెట్టకండి.

తర్వాత వ్యాక్యూమ్ క్లీనర్‌ను తక్కువ పీల్పులో ఉంచి, మూతికి వల గుడ్డ కట్టి దుమ్ము తీయండి. బరువైన ఓవర్‌కోట్లను తగిలించవద్దు, భుజాలు సాగుతాయి. ఆమ్లం లేని టిష్యూ కాగితాన్ని చుట్టలు చుట్టి మడతల్లో, చేతుల్లో పెట్టి పెట్టెలో పడుకోబెట్టండి. ప్రదర్శనకు పెడితే వెలుతురు 50 లక్స్ (లక్స్ వెలుతురు కొలత) దాటకూడదు. వెలిసిన రంగు దీపం ఆర్పినా తిరిగి రాదు. మడతల్లో తెల్లపొడి ఏదైనా కనబడితే అది పాత పురుగుమందు కావచ్చు, గ్లౌజులూ మాస్కూ లేకుండా ముట్టుకోకండి.

ప్రశ్న: అటక సర్దుతుంటే దొరికిందని ఒకాయన ఫిరంగి గుండు ఒకటి కారులో వేసుకుని మ్యూజియం దగ్గరికే తెచ్చేశారు. ఖాళీదే అంటున్నారు. నాకు కూడా అలాగే అనిపించింది. లోపలికి తీసుకోవచ్చా?
(ఆర్టిలరీలో పనిచేసిన స్వచ్ఛంద కార్యకర్త)

జవాబు: తీసుకోవద్దు. అనుభవం ఉన్నవాళ్లే ఇక్కడ ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి, ఎందుకంటే మీ మాట విని మిగతావాళ్లు ధైర్యంగా దగ్గరికి వస్తారు. కారులోనే, ఉన్నచోటే ఉండనిచ్చి, అందరినీ దూరంగా పంపి, పోలీసులకు ఫోన్ చేయండి. బాంబు నిర్వీర్య బృందం వచ్చి తేలుస్తుంది. గుండుకు చిల్లు ఉందనో, ఫ్యూజ్ (పేలుడును రాజేసే భాగం) లేదనో, బరువు తక్కువనో నమ్మవద్దు. మొదటి ప్రపంచ యుద్ధ కాలపు గుండ్లలో చాలావాటికి పిక్రిక్ ఆమ్లం నింపేవారు. అది లోహంతో కలిస్తే పుట్టే పిక్రేట్ లవణాలు చిన్న దెబ్బకు, రాపిడికి కూడా పేలగలవు. పాతబడ్డకొద్దీ నిరపాయమవుతుందన్నది అపోహ. ఇప్పటికే మ్యూజియంలో ఉన్న గుండ్లకు, చేతిబాంబులకు కూడా నిర్వీర్యం చేసినట్టు కాగితం ఉందా లేదా అన్నది ఒక్కొక్కటిగా సరిచూడండి.

పేలనివి కూడా కొన్ని ప్రమాదకరమే. పాత దిక్సూచులు, విమానం మీటర్ల అంకెలకు రేడియోధార్మికమైన రేడియం కలిసిన రంగు పూసేవారు. ఇప్పుడు చీకట్లో వెలగడం లేదంటే అందులో వెలుగునిచ్చే జింక్ సల్ఫైడ్ అరిగిపోయిందనే అర్థం. రేడియం అర్ధజీవితకాలం (సగానికి తగ్గే కాలం) 1,600 ఏళ్లు, అది ఇంకా అక్కడే ఉంది. అద్దం విప్పకండి, పగిలినదాన్ని ఊడ్వకండి, మూసి ఉన్న చిన్న గదిలో అలాంటివన్నీ ఒకేచోట పోగు చేయకండి. రేడియం నుంచి పుట్టే రేడియోధార్మిక రేడాన్ వాయువు పేరుకుంటుంది. రెండో ప్రపంచ యుద్ధ కాలపు గ్యాస్ మాస్కుల ఫిల్టర్లలో, పీలిస్తే ఊపిరితిత్తులను దెబ్బతీసే ఆస్బెస్టాస్ నార ఉన్నవి చాలా ఉన్నాయి. పిల్లలకు చూపించాలంటే నమూనా మాస్కు చేయించండి, అసలుదాన్ని ఎవరి ముఖానికీ తొడగవద్దు.

ప్రశ్న: మా నాన్నగారు మ్యూజియంలో గైడుగా వెళ్తున్నారు. సందర్శకులకు గంటలకొద్దీ చెప్తారు, ఇంట్లో మాత్రం నోరు విప్పరు. ఆయన మాటలు రికార్డు చేసి మ్యూజియానికి ఇవ్వాలని ఉంది. ఎలా మొదలుపెట్టాలి?
(ఒక కూతురు)

జవాబు: మంచి ఆలోచనమ్మా, వాయిదా వేయకండి. అయితే మైకు ముందు మీరు కూర్చోవడం కంటే మ్యూజియంలోని మరో వ్యక్తి కూర్చుంటే మేలు. కూతురికి తెలుసుకదా అని తండ్రి సగం చెప్పి వదిలేస్తారు, కొన్ని సంగతులు కూతురి ముందు అసలే చెప్పరు.

ముందురోజు మైకు లేకుండా అరగంట మాట్లాడి కాలక్రమం రాసుకోవాలి: చేరిన ఏడాది, శిక్షణ, పోస్టింగులు, విరమణ. రికార్డింగ్ రోజు ఫ్యాను, ఏసీ, ఫ్రిజ్ ఆపండి. వినేటప్పుడు చెవికి తెలియని ఆ రొద రికార్డింగ్‌లో మాటను మింగేస్తుంది. కాలర్ మైకు గడ్డానికి జానెడు కింద, బొత్తాలకు తగలకుండా పెట్టండి. ఫైలు వేవ్ ఫార్మాట్‌లో, 48 కిలోహెర్ట్‌జ్, 24 బిట్‌గా ఉంటే మంచిది. స్టీరియోలో గంటకు సుమారు 1 జీబీ అవుతుంది. మొదటి నిమిషంలోనే ఎవరు, ఎవరితో, ఎప్పుడు, ఎక్కడ మాట్లాడుతున్నారో పలికి పెట్టండి. విడిగా కాగితం మీద రాసుకున్నది పోతుంది, ఫైల్లో పలికింది ఫైలుతోనే ఉంటుంది. ఒక్కో విడత 60 నుంచి 90 నిమిషాలు చాలు.

“భయం వేసిందా?” అంటే “లేదు” అంటారు, అక్కడితో అయిపోతుంది. “ఆ రోజు తెల్లవారుజాము నుంచి ఏం జరిగిందో చెప్పండి” అనాలి. తిండి, బూట్లు, ఉత్తరాలు, రేడియో సెట్టు బరువు, రాత్రి కాపలా మార్పిడి లాంటివి అడిగితే జ్ఞాపకం తనంతట తానే తలుపు తీస్తుంది. పాత ఫొటోనో మ్యాపునో చేతికివ్వండి. మౌనం వచ్చినప్పుడు పది అంకెలు లెక్కపెట్టండి, చాలాసార్లు అసలు మాట ఆ మౌనం తర్వాతే వస్తుంది. ఎంతమందిని చంపారని అడగవద్దు. గొంతు మారితే రికార్డింగ్ ఆపి, కొనసాగించాలా వద్దా అన్నది ఆయననే నిర్ణయించుకోనివ్వండి. ఆ సాయంత్రం ఆయన ఒంటరిగా ఉండకుండా చూసుకోండి.

తేదీ తప్పు చెప్పారనిపిస్తే మధ్యలో సరిదిద్దకండి. చెప్పినది చెప్పినట్టే ఉంచి, రికార్డుల్లో ఏముందో పక్కన వేరుగా రాయాలి. సైనిక రహస్యాల పరిధిలోకి వచ్చే విషయాలు ఉంటే ఆయనే ముందుగా దాటవేయాలి. ఎవరు వినొచ్చు, ఎప్పటినుంచి, ప్రచురించవచ్చా అన్న అంగీకార పత్రం మీద ఆ రోజే సంతకం తీసుకోండి. సంతకం లేని రికార్డింగులు మ్యూజియం అల్మారాల్లో వాడటానికి వీల్లేక పడి ఉంటాయి. మూడు కాపీలు, రెండు రకాల పరికరాల మీద, వాటిలో ఒకటి వేరే భవనంలో.

ప్రశ్న: గైడుగా నిలబడే ఓపిక లేదు. కూర్చుని చేసే పని ఏదైనా ఉందా?
(78 ఏళ్ల మాజీ సిగ్నల్స్ ఉద్యోగి)

జవాబు: ఉంది, మ్యూజియానికి అన్నిటికంటే అవసరమైనది కూడా అదే. గోదాములో “రేడియో భాగం, వివరాలు తెలియవు” అని చీటీ ఉన్న పెట్టెలు ఉంటాయి. క్యూరేటర్‌కు దాని కొలత తెలుస్తుంది, లోహం తెలుస్తుంది. చలికి ఏ మీట బిగుసుకుపోయేదో, ఏ కనెక్టరు ముందుగా పాడయ్యేదో, కుర్రాళ్లు దాన్ని ఏ ముద్దుపేరుతో పిలిచేవారో మీకే తెలుసు. ముద్దుపేరు మాన్యువల్లో ఉండదు, తప్పక రాయండి.

ఒక్కో వస్తువుకు ఒక్కో కాగితం. పైన వస్తువు నంబరు, ఉదాహరణకు 2024.7.3 అంటే 2024లో వచ్చిన ఏడో విరాళంలో మూడో వస్తువు. కింద పేరు, ఏం పని చేసేది, ఎలా పట్టుకునేవారు, ఏం చెడేది, ఎలా బాగుచేసేవారు. మీరు స్వయంగా వాడినదా, చూసినదా, విన్నదా అన్నది విడివిడిగా చెప్పండి. దీన్ని వదిలేస్తే తర్వాతి తరం విన్నమాటను కూడా కళ్లతో చూసిన సాక్ష్యంగా పట్టుకుంటుంది. ఖాయంగా తెలియనిచోట ప్రశ్నార్థకం పెట్టండి. వస్తువు మీద స్టిక్కరు అంటించకండి, ఫొటో వెనక బాల్‌పెన్నుతో రాయకండి. ఫొటోకు మెత్తటి పెన్సిలు, దుస్తులకు నంబరు రాసిన నూలు పట్టీ కుట్టడం, లోహానికి దారంతో కట్టిన చీటీ. పాత సెట్లలో బ్యాటరీలు ఉంటే పని మొదలుపెట్టే ముందే తీయించండి. కారిన బ్యాటరీ లోపలి తీగలన్నిటినీ తినేస్తుంది.

ప్రశ్న: మా మ్యూజియంలో ఫిరంగి మోతలు వినిపించే గది ఉంది. పక్కనే కూర్చునే ఒక స్వచ్ఛంద కార్యకర్త ఆ మోత వచ్చినప్పుడల్లా లేచి వెళ్లిపోతున్నారు. ఏం చేయాలి?
(మ్యూజియం బాధ్యురాలు)

జవాబు: ఆయన్ని అందరిముందు అడగవద్దు. కుర్చీని ఆ గదికి దూరంగా, తలుపు కనబడే చోటికి మార్చండి, వెనక గోడ ఉంటే ఇంకా మంచిది. మోత ఎప్పుడు వస్తుందో సమయాలు ముందే చెప్పండి. అసలు ఇబ్బంది శబ్దం కంటే హఠాత్తుగా రావడంలో ఉంటుంది. సందర్శకులు బొత్తాం నొక్కితేనే మోగేలా మార్చి, గది గుమ్మం దగ్గర హెచ్చరిక పలక పెట్టండి. సందర్శకుల్లోనూ మాజీ సైనికులు ఉంటారు. ఇవన్నీ చేశాక, పని చోటు ఎలా ఉందని మామూలుగా ఒక్కమాట అడగండి. గోదాము పని ఇష్టమంటే అక్కడికి మార్చండి, గైడు బ్యాడ్జీ మాత్రం వెనక్కి తీసుకోకండి.