‘అమ్మ కావాలా, నాన్న కావాలా అని జడ్జి గారు అడుగుతారా?’

ప్రశ్న: మా అమ్మాయికి, అల్లుడికి వరంగల్ ఫ్యామిలీ కోర్టులో విడాకుల కేసు, పిల్లల కస్టడీ కేసు నడుస్తున్నాయి. అమ్మాయి, పిల్లలిద్దరూ నర్సంపేటలో మా దగ్గరే ఉంటున్నారు. తొమ్మిదేళ్ల మనవడు వాయిదా దగ్గర పడిందంటే అన్నం ముట్టడు, కడుపు నొప్పి అంటాడు, అర్ధరాత్రి లేచి కూర్చుంటాడు. ‘అమ్మ కావాలా, నాన్న కావాలా అని జడ్జి గారు అడుగుతారట, నేనేం చెప్పాలి?’ అని ఏడుస్తాడు. వాడిని బోను ఎక్కిస్తారా? ఎవరికి చూపించాలి? మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్తే కేసుకు నష్టమా? – ఒక అమ్మమ్మ

జవాబు: అమ్మా, ఈ రాత్రే మీ మనవడికి చెప్పండి: బోను ఎక్కించరు, తీర్పు చెప్పే బరువు నీ మీద లేదు. వాడిని తినేస్తున్నది కోర్టు కాదు, ఒకరిని ఎంచుకుంటే రెండో వాళ్లను పోగొట్టుకుంటానన్న భయం. చట్టం ఆ ఎంపికను పిల్లవాడి నెత్తిన పెట్టలేదు. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, తెలివిగా ఆలోచించి చెప్పగల వయసున్న పిల్లల ఇష్టాన్ని కోర్టు పరిగణనలోకి తీసుకోవచ్చు. అంతవరకే. పిల్లవాడి క్షేమం చూసి నిర్ణయించవలసింది జడ్జి గారు. మాట్లాడాలనుకుంటే సాధారణంగా తమ ఛాంబరులోకి పిలిపించుకుని, తల్లిదండ్రులను బయట ఉంచి, ఏ బడి, ఏ తరగతి, సాయంత్రం ఎవరితో ఆడుకుంటావు అంటూ మొదలుపెడతారు. ‘ఎవరు కావాలి’ అని సూటిగా అడిగేవారు అరుదు. ఒకవేళ అడిగినా ‘నాకు తెలియదు’ అనడం తప్పు కాదని వాడికి చెప్పండి.

ఇంట్లో ఎవరైనా ‘జడ్జి గారు అడిగితే ఇలా చెప్పు’ అని నేర్పిస్తున్నారేమో గమనించండి. మీరు రాయలేదు గానీ, ఇలాంటి భయం వెనక చాలాసార్లు ఆ పాఠమే ఉంటుంది. వల్లె వేయించిన మాటలను జడ్జీలు తేలిగ్గానే పసిగడతారు. అప్పుడు పోయేది నేర్పించిన వారి పరువే.

ఇక ఊరట ఇచ్చేవారి సంగతి. వాడికి ఇప్పుడు ఏ పక్షానికీ చెందని మనిషి ఒకరు కావాలి. మీరెంత ప్రేమగా చూసుకున్నా, వాడి లెక్కలో మీరు అమ్మ తరఫువారే. నాన్న గుర్తొస్తున్నాడని మీతో చెప్పడానికి జంకుతాడు. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది, అక్కడ చూపించండి. అంత దూరం ఇప్పుడే వెళ్లలేకపోతే 14416కు ఫోన్ చేయండి. అది టెలి మానస్ అనే ప్రభుత్వ సేవ, రాత్రీ పగలూ ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. పిల్లల సహాయానికి 1098 ఉంది. బడిలో క్లాసు టీచరుకు ‘ఇంట్లో ఇబ్బందిగా ఉంది, వాడిని కొంచెం కనిపెట్టి ఉండండి’ అన్నంత చెబితే చాలు.

వైద్యుడికి చూపిస్తే నష్టమా అన్నారు. పిల్లవాడి బాధ గమనించి వైద్యం చేయించిన తల్లిని ఏ కోర్టూ తప్పు పట్టదు. నాకు నచ్చనిది దీనికి తలకిందుల పని: ‘తండ్రి వల్లే ఇలా అయ్యాడు’ అని రాయించుకోవడానికి వైద్యుడి దగ్గరికి వెళ్లడం, ఏడుస్తున్న పిల్లవాడిని ఫోనులో రికార్డు చేయడం. వైద్యుడితో చెప్పుకున్నది కోర్టు కాగితాల్లో తేలుతుందని తెలిస్తే వాడు ఇక ఎవరి దగ్గరా నోరు విప్పడు. అయితే పిల్లల మీద నిజంగా దెబ్బలు గానీ, లైంగిక వేధింపు గానీ ఉంటే వాయిదా కోసం ఆగవద్దు. వెంటనే 1098కి గానీ 112కు గానీ చెప్పండి.

కోర్టును అడగగలిగినవీ ఉన్నాయి. మీరు కేసులో పార్టీ కాదు కాబట్టి దరఖాస్తు మీ అమ్మాయే వేయాలి. 1984 నాటి ఫ్యామిలీ కోర్టుల చట్టం 11వ సెక్షన్ కింద, ఇద్దరిలో ఏ ఒక్కరు కోరినా విచారణ నలుగురి ముందు కాకుండా ఆంతరంగికంగా జరపాల్సిందే. 12వ సెక్షన్ కింద వైద్యులు, కుటుంబ సంక్షేమ నిపుణుల సాయం కోర్టు తీసుకోవచ్చు. పిల్లవాడిని ఒకసారి కౌన్సెలర్‌తో మాట్లాడించమని, అవసరమైన రోజున తప్ప కోర్టుకు తేనక్కర్లేకుండా చూడమని అందులో రాయించండి. ఎందుకంటే వాడిని భయపెట్టేది జడ్జి గారికన్నా ఆ వరండా. ఈ గోడ వారగా అమ్మ తరఫు వాళ్లు, ఆ గోడ వారగా నాన్న తరఫు వాళ్లు. ఒక మేనత్త చాక్లెట్ ఇవ్వబోతే ఒక పిన్ని చెయ్యి పట్టి వెనక్కి లాగుతుంది. చాక్లెట్ కింద పడుతుంది. తీసుకోవాలా వద్దా అని వాడు రెండు వైపులా చూస్తాడు.

తండ్రితో మాటలు ఆగిపోయి ఉంటే అదీ భయమే అవుతుంది. కస్టడీ లేని తల్లి గానీ తండ్రి గానీ రోజూ కొన్ని నిమిషాలు పిల్లలతో మాట్లాడే వీలుండాలని, వీడియో కాల్ అయినా సరేనని సుప్రీంకోర్టు 2020లోనే చెప్పింది. బతుకమ్మ, దసరా సెలవుల్లో ఎవరి దగ్గర ఎన్నాళ్లు ఉండాలో ఇప్పుడే మధ్యంతర ఉత్తర్వు తెచ్చుకోండి. లేకపోతే సద్దుల బతుకమ్మ నాడు వాకిట్లో గొడవ తప్పదు.

ఖర్చుకు వెనకాడకండి. 1987 నాటి చట్టం ప్రకారం స్త్రీలకు, పిల్లలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. హనుమకొండ కోర్టు ప్రాంగణంలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అడగండి, లేదా 15100కు ఫోన్ చేయండి. వచ్చే వాయిదాకు ముందే మీ అమ్మాయితో ఆ దరఖాస్తు వేయించండి. కోర్టు రమ్మనలేదు అంటే వాయిదా రోజున మనవడిని మామూలుగా బడికి పంపేయండి.