థర్మామీటరు ఎవరి చేతిలో ఉంది?

చిరంజీవి తమ్ముడికి,

ఆశీస్సులు.

ప్రపంచ రికార్డుల మీద నువ్వు రాసిన వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను, రెండోసారి ఎర్ర పెన్ను పట్టుకుని. ‘ప్రపంచంలోకెల్లా’ పద్నాలుగు చోట్ల, ‘అత్యంత’ ఇరవై రెండు చోట్ల కనిపించాయి. నాలుగు పేజీల్లో ఎవరెస్టు నుంచి పసిఫిక్ అడుగున ఉన్న మరియానా అగాధం దాకా, అంటార్కిటికాలోని వోస్తోక్ మంచు నుంచి అమెరికాలోని డెత్ వ్యాలీ ఎండ దాకా తిప్పేశావు. తీర్థయాత్ర బస్సు ఎక్కినట్టుంది. దిగి దణ్ణం పెట్టుకునేలోపే హారన్ మోగింది.

నిన్ను తప్పుపట్టే అర్హత నాకూ అంతగా లేదులే. పాతికేళ్ళ వయసులో ఒక వారపత్రికకు ఇలాంటిదే రాశాను. లిబియాలోని అల్ అజీజియాలో 1922 సెప్టెంబరు 13న 58 డిగ్రీల సెల్సియస్ వేడి నమోదైందనీ, భూమి మీద అంతకు మించినది లేదనీ మొదటి వాక్యంలోనే తేల్చేశాను. అప్పట్లో ఏ పుస్తకం తెరిచినా అదే ఉండేది. నేనూ దించేశాను. చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది, ఆ అంకె తప్పని.

ఆ తప్పు బయటపడిన తీరు నీకు చెప్పాలి. అజీజియాలో అప్పుడు వాడింది అప్పటికే పాతబడిన రకం థర్మామీటరు. దాని గొట్టంలో సన్నని పుల్ల ఒకటి ఉంటుంది. వేడి పెరిగేకొద్దీ పాదరసం దాన్ని పైకి నెడుతుంది. చల్లబడ్డాక పాదరసం దిగిపోయినా పుల్ల అక్కడే నిలిచిపోతుంది. దాని కింది కొన దగ్గర అంకె చదవాలి. పై కొన దగ్గర చదివితే దాదాపు 7 డిగ్రీలు ఎక్కువ వస్తుంది. ప్రపంచ వాతావరణ సంస్థ నియమించిన బృందం పాత లెక్కల కాగితాన్ని వెతికి తీయిస్తే, రికార్డుకు రెండు రోజుల ముందు నుంచి అందులో చేతిరాత మారిపోయి ఉంది! ఎవరో కొత్త మనిషి పనిలోకి వచ్చాడు. గరిష్ఠం రాయవలసిన గడిలో కనిష్ఠం, కనిష్ఠం రాయవలసిన గడిలో గరిష్ఠం రాశాడు.

ఆ కాగితాన్ని వెతికి ఇచ్చినది లిబియా వాతావరణ శాఖలో పనిచేసే ఖాలిద్ అల్ ఫాద్లీ. 2011లో అక్కడ యుద్ధం రేగడంతో నెలల తరబడి ఆయన నుంచి కబురు లేదు. బతికే ఉన్నాడో లేదో మిగతా వాళ్ళకు తెలియదు. ఆయన మళ్ళీ మాట్లాడాకే పని ముందుకు సాగింది. 2012 సెప్టెంబరు 13న, సరిగ్గా తొంభై ఏళ్ళకు, ఆ రికార్డును కొట్టేశారు. ఇప్పుడు ఆ స్థానంలో డెత్ వ్యాలీ 1913 నాటి 56.7 ఉంది. దాన్ని అనుమానించేవాళ్ళూ లేకపోలేదు.

నాకు ఆ పేరు తెలియని మనిషి మీద కోపం లేదు. కొత్త చోటు, కొత్త పని, పైన మండే ఎండ. నేనైనా అలాగే చదివి ఉండేవాణ్ణేమో. నా వ్యాసంలో అతను లేడనేదే నా బాధ. ఉత్త 58 మాత్రమే ఉంది.

నీ వ్యాసానికి వస్తాను. ‘చిరపుంజిలో ఏడాది పొడుగునా వాన కురుస్తూనే ఉంటుంది’ అన్నావు. 1860 ఆగస్టు నుంచి 1861 జులై వరకు అక్కడ 26,461 మిల్లీమీటర్లు కురిసిన మాట నిజమే. ఎనిమిది అంతస్తుల మేడ మునిగే లోతు అది. ఏటా పడే సగటులో మాత్రం పక్కనే ఉన్న మాసిన్రాం ముందుంది. కానీ చలికాలంలో సోహ్రాకు వెళ్ళి చూడు (అక్కడివాళ్ళు తమ ఊరిని అలాగే పిలుస్తారు). తాగే నీళ్ళకు కటకట. బంగాళాఖాతం మీది తడిగాలి బంగ్లాదేశ్ మైదానం దాటి వచ్చి ఒక్కసారిగా నిలువు కొండకు కొట్టుకుంటుంది. కురిసిందంతా పలుచని మట్టిని ఊడ్చుకుంటూ మళ్ళీ ఆ మైదానంలోకే జారిపోతుంది. ఇంకొకటి, అక్కడ వాన ఎక్కువగా రాత్రిపూట, తెల్లవారుజామున పడుతుంది. పొద్దున్నే జనం పనుల్లోకి పోతారు. జల్లు ఆగకపోతే వెదురుతో, ఆకులతో అల్లిన క్నూప్‌ను తాబేటి చిప్పలా వీపున వేసుకుని, రెండు చేతులూ ఖాళీగా పెట్టుకుని పొలంలో వంగి పనిచేస్తారు. వాన కొలత కన్నా ఆ క్నూప్ నాకు ఎక్కువ చెప్పింది.

చిలీలోని అరికాను ‘జీవమే లేని చోటు’ అన్నావు. అక్కడ 1903 అక్టోబరు నుంచి 1918 జనవరి వరకు చుక్క వాన లేదు. కానీ అది సముద్రపు ఒడ్డున ఉన్న రేవు పట్నం, తమ్ముడూ! తీరం వెంట పారే చల్లని ప్రవాహం మీద గాలి చల్లబడి పైకి లేవదు, అందుకే మంచు పొగ పడుతుంది గాని మేఘం వర్షించదు. తూర్పు వైపు నుంచి వచ్చే తేమను ఆండీస్ కొండల వరుస అడ్డుకుంటుంది. ఆ ఊరి వెనకే ఆసాపా లోయ ఉంది. కొండల నీళ్ళతో అక్కడ ఆలివ్ తోటలు పెంచుతారు. వాన రాని ఊళ్ళో కాయ కాస్తోందంటే అడగవలసిన ప్రశ్నలు ఎన్ని ఉన్నాయో చూడు.

ఎవరెస్టు ఎత్తు 8,848.86 మీటర్లు, సరే. సముద్రమట్టం నుంచి కొలిస్తేనే అది మొదటిది. భూమి నడుము దగ్గర ఉబ్బెత్తుగా ఉంటుంది కాబట్టి, భూకేంద్రం నుంచి కొలిస్తే ఈక్వడార్‌లోని చింబొరాజో శిఖరం దాన్ని మించిపోతుంది. ఒక వాక్యం చాలు, కానీ ఉండాలి.

వెర్ఖోయాన్స్క్ పేరా మాత్రం ఉంచు, పెంచు. సైబీరియాలోని ఆ ఊళ్ళో 1892లో మైనస్ 67.8, 2020 జూన్ 20న 38 డిగ్రీలు. సముద్రానికి దూరంగా, కొండల నడుమ ఉన్న లోతట్టు చోటు కాబట్టి చలికాలంలో బరువైన చల్లగాలి అక్కడే మడుగు కట్టి కదలదు. నువ్వు రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి వదిలేశావు. నాకు కావలసింది ఆ రెండు కాలాలకూ తలుపులు, కిటికీలు బిగించుకునే ఇల్లు.

చివరగా ఒక చిన్న సంగతి. నువ్వు పుట్టిన రెంటచింతల పేరు ప్రతి మే నెలలో ఎండల పుణ్యమా అని పత్రికలకు ఎక్కుతుంది. నీ వ్యాసంలో అది ఎక్కడా లేదు. పత్రికలో వచ్చే అంకె ఎండలో తీసింది కాదు. నేలకు మనిషి ఛాతీ ఎత్తున, గాలి ఆడే తెల్లని చెక్కపెట్టెలో, నీడలో తీసింది. ఆ పెట్టె మీ ఊళ్ళో ఎక్కడుందో ఎప్పుడైనా చూశావా? ఈ సెలవుల్లో వెళ్ళి చూడు. అంకె రాసుకునే ఆయనతో మాట్లాడు. అదే రోజు మీ అమ్మ డాబా మీద మంచాలు ఎన్నింటికి వేయించిందో, ఎన్ని బిందెల నీళ్ళు చల్లాక గచ్చు మీద కాలు నిలిచిందో అడిగి రాసి పంపు. ఎర్ర పెన్ను పక్కన పెట్టి చదువుతాను.

నీ
అన్నయ్య