స్టాలిన్‌గ్రాడ్ సరే, కోహిమా సంగతేంటి?

"రెండో ప్రపంచ యుద్ధాన్ని మలుపు తిప్పిన యుద్ధం ఏది?" అని అడిగారు. స్టాలిన్‌గ్రాడ్, మిడ్వే, నార్మండీ అని మూడు పేర్లు ఎవరైనా చెప్తారు. ఐరోపా వరకు నా ఓటు కూడా స్టాలిన్‌గ్రాడ్‌కే. 1943 ఫిబ్రవరి 2న అక్కడ మిగిలిన జర్మన్ సైన్యం లొంగిపోయాక, గెలుస్తామన్న నమ్మకం జర్మన్లలోనే సడలిపోయింది. కానీ ఈ ప్రశ్న వినగానే నాకు గుర్తొచ్చేది నాగాలాండ్‌లోని కోహిమా, 1944లో జపాన్ సైన్యాన్ని ఆపిన చోటు. మా నాయనమ్మ ఆ దారిన నడిచి వచ్చింది.

మాది శ్రీకాకుళం జిల్లా. మా వైపు పాతవాళ్ళు బర్మాలోని రంగూన్‌ని 'రంగం' అనేవారు. నాయనమ్మ వాళ్ళ నాన్న అక్కడ బియ్యం మిల్లులో పని చేసేవాడు. 1941 డిసెంబర్ 23న రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాయి. ఓడలో చోటు దొరకలేదు. ఇంటిల్లిపాదీ మూటలు నెత్తిన పెట్టుకుని బయలుదేరారు. బర్మా సరిహద్దులోని తమూ మీదుగా మణిపూర్‌లోకి వచ్చి, ఇంఫాల్, కోహిమా దాటి డిమాపూర్‌లో రైలెక్కారు. ఆవిడకప్పుడు 11 ఏళ్ళు. దారిలో కలరా తగిలి ఆవిడ తమ్ముడు పోయాడు. "అక్కడే మట్టి కప్పేసి వచ్చేశాం" అనేది. ఆ పైన ఒక్క మాట చెప్పేది కాదు.

ఆవిడ పోయిన తొమ్మిదేళ్ళకి, 2018 నవంబర్‌లో, నాగాలాండ్‌లోకి వెళ్ళడానికి కావాల్సిన ఇన్నర్ లైన్ పర్మిట్ తీసుకుని నేను కోహిమా వెళ్ళాను. డిమాపూర్ నుంచి 74 కిలోమీటర్లు. రోడ్డు వెడల్పు చేస్తున్నారు, దుమ్ములో నాలుగు గంటలు పట్టింది. సుమోలో కూర్చున్న నాకే నడుము పట్టేసింది. పదకొండేళ్ళ పిల్ల ఈ కొండలన్నీ ఎలా దిగిందో అనుకుంటూనే ఊరు చేరాను.

ఊరి మధ్యలో కొండవాలు మీద మెట్లు మెట్లుగా యుద్ధ శ్మశానం ఉంటుంది. 1,420 సమాధులు. ఆ మెట్ల మధ్య తెల్లటి గీతలు కనిపిస్తాయి. అది టెన్నిస్ కోర్టు. అప్పటి డిప్యూటీ కమిషనర్ బంగళా అక్కడే ఉండేది. 1944 ఏప్రిల్‌లో ఆ కోర్టుకి ఒక పక్క జపాన్ వాళ్ళు, ఇంకో పక్క బ్రిటిష్, భారతీయ సైనికులు కందకాలు తవ్వుకుని ఒకరి మీద ఒకరు గ్రెనేడ్లు విసురుకున్నారు. నేను ఈ చివర నుంచి ఆ చివరకి అడుగులు వేసి చూశాను. మా ఇంటి వాకిట్లో నిలబడి ఎదురింటి వాళ్ళతో మాట్లాడేంత దూరం. అంత దగ్గర్లో రోజుల తరబడి చంపుకున్నారు. మే 13న పైకి ఒక ట్యాంకుని ఎక్కించాక గానీ ఆ కోర్టు చేతికి రాలేదు.

నేను చూస్తుండగానే నలుగురు కుర్రాళ్ళు సమాధి పలకల మీద కూర్చుని వీడియోలు తీసుకుంటున్నారు. వెళ్ళి లేవమన్నాను. లేచారు, పాపం, వాళ్ళకి ఎవరూ చెప్పలేదు. నాకు మాత్రం ఎవరు చెప్పారు? మా స్కూల్లో పెర్ల్ హార్బర్ తేదీ బట్టీ పట్టించారు, కోహిమా పేరు ఎత్తలేదు. పోటీ పరీక్షల కోచింగ్‌లోనూ అంతే. 2013లో లండన్ నేషనల్ ఆర్మీ మ్యూజియం పెట్టిన ఓటింగ్‌లో బ్రిటన్ చేసిన యుద్ధాలన్నిటిలో గొప్పదిగా ఇంఫాల్-కోహిమానే ఎంచుకున్నారు. నార్మండీ కూడా వెనకే. వాళ్ళు గుర్తించారు, జరిగింది మన నేల మీదైనా మనం గుర్తించలేదు. ఈ బాధ నాకు ఇప్పటికీ పోలేదు.

మలుపు అని ఎందుకంటున్నానో చెప్తాను. 1944 మార్చిలో జపాన్ పదిహేనో సైన్యం బర్మాలోని చింద్విన్ నది దాటి మన వైపు వచ్చింది. దాని జనరల్ ముతగుచి తన మనుషులకి మూడు వారాల తిండి మాత్రమే ఇచ్చి పంపాడు. ఆలోపు ఇంఫాల్ పడిపోతుంది, అక్కడి బ్రిటిష్ గోడౌన్లు మనవే అవుతాయి అన్నది ఆయన లెక్క. మాంసం కోసం పశువుల మందల్ని వెంట తోలుకొచ్చారు. అవి నదిలో, కొండల్లో చాలావరకు పోయాయి. ఏప్రిల్ 4న సాతో అనే జనరల్ కింద 12 వేలకు పైగా సైనికులు కోహిమా మీద పడ్డారు. ఆ గుట్ట మీద తుపాకి పట్టగలిగినవాళ్ళు 1,500 మంది ఉంటారేమో. రాయల్ వెస్ట్ కెంట్ దళం, అస్సాం రెజిమెంట్, అస్సాం రైఫిల్స్. మంచినీళ్ళు కొలిచి పోసుకున్నారు. గాయపడినవాళ్ళని కందకాల్లోనే పడుకోబెట్టారు. ఏప్రిల్ 18న పంజాబ్ రెజిమెంట్ వాళ్ళు దారి చేసుకుని వచ్చేదాకా నిలబడ్డారు. ఈ యుద్ధమంతా నాగా ఊళ్ళ వాళ్ళు సామాన్లు మోశారు, గాయపడినవాళ్ళని భుజాల మీద కిందికి దించారు, దారులు చూపించారు. వాళ్ళ ఇళ్ళు మాత్రం బూడిదయ్యాయి.

కోహిమా మీదుగా ఇంఫాల్‌కి వచ్చే రోడ్డు తెగినా విమానాల్లో బియ్యం, తూటాలు దిగుతూనే ఉన్నాయి. బర్మా పడమటి తీరంలోని అరకాన్‌లో ఉన్న ఐదో భారతీయ డివిజన్‌ని విమానాల్లోనే తీసుకొచ్చి దింపారు. స్టాలిన్‌గ్రాడ్‌లో జర్మన్లు ఈ పనే చేయబోయి చేయలేకపోయారు. అందుకే రెండు చోట్లా గెలుపోటములు తిండి దగ్గరే తేలిపోయాయని నా గట్టి నమ్మకం. తన మనుషులు ఆకలితో చస్తుంటే చూడలేక సాతో పై ఆదేశాలు కాదని వెనక్కి నడిపించేశాడు. జూన్ 22న ఆ రోడ్డు మీదే 109వ మైలురాయి దగ్గర కోహిమా వైపు సేన, ఇంఫాల్ వైపు సేన కలిశాయి. జపాన్ వైపు నుంచి వచ్చినవాళ్ళు సుమారు 85 వేలు. సుమారు 30 వేల మంది చచ్చిపోయారు, ఎక్కువ మంది ఆకలితో, జబ్బులతోనే. అక్కడి నుంచి బర్మాలో జపాన్‌ది వెనకడుగే.

మిడ్వే గురించి ఒక మాట. 1942 ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడల మీద జపాన్ విమానాలు బాంబులు వేశాయి. దానికి ముందురోజు కొలంబో మీద దాడి చేసిన విమానవాహక ఓడల్లో అకాగి, సోర్యు, హిర్యు ఉన్నాయి. ఆ మూడూ రెండు నెలల తర్వాత పసిఫిక్‌లోని మిడ్వే దీవి దగ్గర అమెరికన్ల దాడిలో మునిగాయి. కాబట్టి మిడ్వే ఎక్కడో పసిఫిక్ గొడవ కాదు, మన తీరానికీ దానితో లెక్క ఉంది.

అన్నిటికంటే నన్ను కలిచివేసేది ఇంకొకటి. జపాన్ వాళ్ళతో పాటు నేతాజీ ఆజాద్ హింద్ ఫౌజ్ కూడా వచ్చింది. 1944 ఏప్రిల్ 14న మణిపూర్‌లోని మొయిరాంగ్‌లో జెండా ఎగరేశారు. అటూ మనవాళ్ళే, ఇటూ మనవాళ్ళే. ఎవరు ఒప్పు, ఎవరు తప్పు అని వాదించడం నాకు ఇష్టం ఉండదు. ఇద్దరికీ దండం పెట్టుకున్నాను.

శ్మశానం పై అంచున ఇంకో కట్టడం ఉంది. దహనం చేసిన 917 మంది హిందూ, సిక్కు సైనికుల పేర్లు అక్కడ ఉన్నాయి. అందరూ కింద టెన్నిస్ కోర్టు దగ్గర ఫోటోలు దిగి వెళ్ళిపోతారు, పైదాకా ఎక్కేవాళ్ళు తక్కువ. నేను ఒక్కొక్క పేరూ వేలితో చూసుకుంటూ పైకే చదివాను. అక్కడ నాలుగున్నరకే పొద్దు వాలిపోతుంది. సగం కూడా కాకముందే చీకటి పడింది, డ్రైవర్ కింద నుంచి హారన్ కొట్టాడు.

మీ ఇంట్లో రంగం నుంచి నడిచి వచ్చినవాళ్ళ కబుర్లు ఉంటే, ఏ దారిన వచ్చారో ఇప్పుడే అడిగి రాసుకోండి. నేను అడిగేనాటికి నాయనమ్మకి తమూ, డిమాపూర్ తప్ప ఏ ఊరి పేరూ గుర్తులేదు. తమ్ముణ్ణి ఎక్కడ కప్పెట్టారని అడిగితే, "కొండ దిగాక, వాగు పక్కన" అంది. ఆ రోడ్డు మీద అలాంటి వాగులు చాలా ఉన్నాయి.